అన్నంలోకా, టీలోకా? కేటగిరీలు పెట్టే ముందు అది తేల్చుకోండి

కిరాణా యాప్ కోసం తినే సరుకుల్ని కేటగిరీలుగా ఎలా విడగొట్టాలని అడిగారు. గుంటూరు బ్రాడీపేటలో మా పిన్నివాళ్ల పచ్చళ్ల షాపు బిల్లింగు, ఆన్‌లైన్ ఆర్డర్లు చూసేది నేనే కాబట్టి ధైర్యంగా చెప్తున్నా. దేనితో చేశారన్నది వదిలేయండి, దేంట్లోకి తింటారో చూడండి.

మేం కొన్న సాఫ్ట్‌వేర్‌లో కేటగిరీలు ముందే ఉన్నాయి. కందిపొడి వెళ్లి కందిపప్పు పక్కన కూర్చుంది. చల్లమిరపకాయలు కూరగాయల్లో తేలాయి. ఒకావిడ ఫోన్ చేసి, "చల్లమిరపకాయలు అయిపోయాయా బాబూ? వడియాల దగ్గర వెతికితే లేవు" అన్నారు. వెనక గదిలో చూస్తే డబ్బా నిండా ఉన్నాయి, మజ్జిగలో ఊరి, తెల్లగా ఎండి, తొడిమలతో సహా. పిన్ని ఊరుకుంటుందా? "నూనెలో వేయించి పప్పన్నంలోకి నంజుకునేదాన్ని పచ్చిమిర్చి పక్కన పెడతారట్రా?" అని ఎగిరిపడింది. ఆ సాయంత్రమే అన్నంలో కలుపుకునేవి, నంజుకునేవి, టిఫిన్లలోకి, టీలోకి, వంటలోకి అని మార్చేశాం. వెతుకులాట ఫోన్లు తగ్గిపోయాయి.

కరివేపాకు కారం అన్నంలోకీ వెళ్తుంది, ఇడ్లీలోకీ వెళ్తుంది. రెండుచోట్లా చూపించండి. డూప్లికేట్ అని సాఫ్ట్‌వేర్ వాళ్లు గోల పెడతారు, పెట్టనివ్వండి.

ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చిన కేటగిరీల లిస్టు ఉండగా ఇదంతా ఎందుకంటారా? అది కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణాల పద్ధతి మీద కట్టింది. ఏ సరుకులో ఏ ప్రిజర్వేటివ్ ఎంత వేయొచ్చో తేల్చడానికి పనికొస్తుంది. అందులో ఆవకాయ, గోంగూర పచ్చళ్లు 04 నంబరు కేటగిరీలో, చికెన్ పచ్చడి 08లో, రొయ్యల పచ్చడి 09లో, మిరప్పొడి 12లో ఉంటాయి. లైసెన్సుకి అదే కావాలి. అమెరికా వెళ్లే కొడుక్కి నాలుగు రకాల పచ్చళ్లు కట్టించే తల్లికి ఆ నంబర్లతో పనేముంది? దాన్నీ, జీఎస్టీకి కావాల్సిన హెచ్‌ఎస్‌ఎన్ కోడునీ వేరే కాలమ్‌లలో దాచుకోండి, కస్టమర్‌కి చూపించకండి.

"ఇతరములు" అని మాత్రం పెట్టొద్దు. పెట్టారంటే బద్ధకమేసిన ప్రతివాడూ సరుకంతా అందులోనే పడేస్తాడు. అంతకంటే దరిద్రం ఈ "హెల్తీ" కేటగిరీ. బెల్లం వేస్తే చాలు, అక్కడికే. నువ్వులుండ ఎప్పటినుంచి మందైపోయిందండీ? ఆ పేరు చూసి షుగర్ ఉన్నవాళ్లు కూడా అరకేజీలు ఆర్డర్ పెడుతున్నారు. తీసేద్దామంటే మా బాబాయి వినడు, అమ్ముడుపోతోంది కదా అంటాడు.