రెండు మూడు లక్షల్లో లోహపు లేజర్ ప్రింటర్ ఇంట్లో పెట్టుకోవచ్చా?

పొడిని లేజర్‌తో పొరపొరగా అతికించి వస్తువులు తయారుచేసే 3డి ప్రింటర్లలో నైలాన్ పొడితో పనిచేసేవి బల్ల మీదికి వచ్చేశాయి కదా, లోహపు పొడితో పనిచేసేవి అదే దారిలో ఎందుకు రావని మీరు అడిగారు. హైదరాబాద్ బాలానగర్‌లో జాబ్‌వర్క్ (ఇతరుల ఆర్డర్లపై పార్టులు తయారుచేసే పని) చేసే ఒక షాపులో ఇలాంటి యంత్రాన్ని నడిపిన అనుభవంతో చెబుతున్నాను: మీరనుకున్న ధరకు, ఇంట్లో, ఇప్పట్లో సాధ్యం కాదు.

పేటెంట్లే అడ్డమని చాలామంది అనుకుంటారు గానీ, లేజర్‌తో పొడిని అతికించే పద్ధతిపై ఉన్న కీలకమైన పేటెంటు గడువు 2014లోనే తీరింది. లోహాన్ని పూర్తిగా కరిగించే పద్ధతిపై జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థకున్న పేటెంటు 2016లో ముగిసింది. ఈ యంత్రాల్లో వాడే ఫైబర్ లేజర్ల ధరలూ బాగా దిగాయి. ఖర్చంతా లేజర్ చుట్టూ ఉండే ఏర్పాట్లలో ఉంది.

నైలాన్ 12 సుమారు 180 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి, పొడి మొత్తాన్ని ఆ దరిదాపులకు వేడిచేసి ఉంచితే చిన్న లేజర్ సరిపోతుంది. 316ఎల్ అనే రకం స్టెయిన్‌లెస్ స్టీలు కరగడానికి 1,400 డిగ్రీలకు చేరువ కావాలి. పొడి పరుపును అంత వేడిగా ఉంచలేము గనుక ఆ పనంతా లేజరే చేయాలి. కరిగిన గీత చల్లారుతూ ముడుచుకుని అంచులను పైకి లాగుతుంది. అందుకే పార్టును మందపాటి ప్లేటుకు సపోర్టులతో వెల్డింగు చేసినట్టుగా కట్టిపడేస్తాము. అయినా అంచు కాస్త లేచిందంటే, పొడి పరిచే బ్లేడు పొరపొరకూ దానికి టక్కున తగులుతుంది. ఆ చప్పుడు వినగానే యంత్రం ఆపాల్సిందే. స్ట్రెస్ రిలీవ్ చేయకుండా, అంటే ఫర్నేసులో వేడిచేసి లోపలి ఒత్తిడిని తగ్గించకుండా, ప్లేటును వైర్‌కట్‌కు (కరెంటు పారే తీగతో లోహాన్ని కోసే యంత్రానికి) పంపితే, సన్నని పార్టు కోత పూర్తికాకముందే పైకి వంగిపోతుంది. అంటే ప్రింటరు కొన్నంత మాత్రాన సరిపోదు, ఫర్నేసూ వైర్‌కట్టూ అందుబాటులో ఉండాలి.

ఇక నన్ను నిజంగా భయపెట్టేది పొడి. సాధారణంగా 15 నుంచి 45 మైక్రాన్ల రేణువులవి. టైటానియం, అల్యూమినియం పొడులు అంటుకుంటే నీళ్లు చల్లకూడదు. ఫిల్టర్లో పేరుకునే మసి అంతకంటే ప్రమాదకరం. ఛాంబరులో ఆక్సిజన్‌ను దాదాపు 0.1 శాతానికి తగ్గించడానికి వాడే ఆర్గాన్ వాయువు మూసిన గదిలోకి లీకైతే, వాసనా రంగూ లేకుండానే మనిషికి ఊపిరాడకుండా చేస్తుంది. పిల్లలు తిరిగే ఇంట్లో ఇది పెట్టమని నేను చెప్పలేను.

స్టీలు పార్టులే కావాలంటే, అల్ట్రాఫ్యూజ్ 316ఎల్ వంటి ఫిలమెంటును (స్టీలు పొడి కలిపిన ప్లాస్టిక్ తీగను) మామూలు 3డి ప్రింటర్‌పైనే, తర్వాత వచ్చే కుదింపుకు తగినట్టు పెద్దగా ప్రింట్ చేసి, బైండరు (పొడిని పట్టి ఉంచే ప్లాస్టిక్) తీసి సింటరింగ్ చేసే, అంటే పొడి రేణువులను వేడితో ఒకదానికొకటి అతుక్కునేలా చేసే, చోటికి పంపవచ్చు. నగల్లాంటి చిన్న వస్తువులకు కాస్టబుల్ రెజిన్‌తో (పోత అచ్చులో మైనంలా కాలిపోయే రెజిన్‌తో) నమూనా ప్రింట్ చేసి పోత పోయించడం ఇంకా చవక. లేజర్ పద్ధతే తప్పనిసరైతే జాబ్‌వర్క్‌కు ఇవ్వండి. బేరింగులు కూర్చునే ముఖాలకు అర మిల్లీమీటరు అదనంగా వదిలి, వాటిని తర్వాత మెషినింగ్ చేయాలని డ్రాయింగులోనే రాయండి.