పుట్టిల్లా, పొలమా?

ప్రశ్న: మాది పల్నాడు. నాకు 1998లో పెళ్లయింది. నాన్న వీలునామా రాయకుండానే 2019లో పోయారు. తాతల నాటి తొమ్మిదెకరాలు అన్నయ్యే చేస్తున్నాడు. హక్కు వదులుకున్నట్టు సంతకం పెట్టమంటున్నాడు. "కట్నం ఇచ్చాం, సారెలు పెట్టాం, ఇంకేంటి?" అంటాడు. అమ్మేమో పుట్టిల్లు కావాలో పొలం కావాలో తేల్చుకోమంటోంది. మావారు అస్సలు వదలొద్దంటున్నారు.

జవాబు: ఇప్పుడే సంతకం పెట్టకండి. కాదని కూడా అనకండి. "కాగితం చదువుకుని చెబుతా" అంటే చాలు. పండక్కి వెళ్లినప్పుడు మొహమాటపెట్టి రిజిస్ట్రారాఫీసుకు తీసుకెళ్లడం మామూలే. రిజిస్టరైన హక్కు విడుదల దస్తావేజును రద్దు చేయించాలంటే కోర్టుకెక్కి, మోసమో బలవంతమో జరిగిందని మీరే రుజువు చేసుకోవాలి.

కట్నం ఇచ్చినంత మాత్రాన వాటా పోదు. 1985 సెప్టెంబరు 5 తర్వాత పెళ్లయిన ఆడపిల్లలకు మన రాష్ట్ర చట్టమే పిత్రార్జితంలో కొడుకుతో సమానహక్కు ఇచ్చింది. 2005 కేంద్ర సవరణతో పెళ్లి తేదీ పట్టింపు కూడా పోయింది. పాత రిజిస్టరు పంపకాలేమైనా ఉంటే లెక్క మారుతుంది, అందుకే ముందు ఈసీ (ఆ పొలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీయించండి. మీభూమి వెబ్‌సైటులో అడంగల్, 1బి (పొలం ఎవరి పేరున ఉందో చూపే రికార్డులు) చూడండి. పాసు పుస్తకం అన్నయ్య పేరున మారిపోయి ఉన్నా కంగారొద్దు, మీ వాటా దాంతో పోదు.

మీరిద్దరే పిల్లలైతే నాన్నకు, అన్నయ్యకు, మీకు తలా మూడెకరాలు. నాన్న మూడూ మళ్లీ అమ్మకు, మీ ఇద్దరికీ తలా ఎకరం. అంటే మీకు నాలుగు, అన్నయ్యకు నాలుగు, అమ్మకు ఒకటి. ఆ కాగితంతో అమ్మ చేతా సంతకం పెట్టిస్తున్నారేమో కనుక్కోండి. తనకూ ఎకరం వస్తుందని ఆవిడకు ఎవరూ చెప్పి ఉండరు.

నాలుగూ తీసుకుని తీరాలని లేదు. అమ్మను అన్నయ్యే చూసుకుంటుంటే కొంత తగ్గించుకోవచ్చు, పొలం బదులు డబ్బూ తీసుకోవచ్చు. ఎంత వదులుతున్నారో తెలిసి వదలండి. నోటిమాట మీద మాత్రం ఆగొద్దు. ముగ్గురి సంతకాలతో పంపకాల దస్తావేజు రిజిస్టరు చేయించండి. సర్వే నంబరు, హద్దులతో పాటు బాట, బోరు నీళ్ల వంతు అందులో రాయించాలి. ఇవి మర్చిపోతే పొలం చేతికొచ్చినా దారుండదు, తడుండదు. డబ్బయితే డీడీగా తీసుకుని, దాని నంబరు దస్తావేజులో ఎక్కించాలి. మీవారి మాట సంగతి: వాటా మీది, కాబట్టి దస్తావేజు మీ ఒక్కరి పేరునే ఉండాలి.

మాటలతో తెగకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరునిస్తారు. కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు పిలిపించి రాజీకి ప్రయత్నించవచ్చు. వాటా ఇవ్వనని అన్నయ్య తెగేసి చెబితే ఆ తేదీ రాసిపెట్టుకోండి, దావాకు పన్నెండేళ్ల గడువు అక్కణ్నుంచే లెక్కకొస్తుంది.