అమ్మాయి వీసా కోసం శనివారం ఉపవాసం.. ప్రదక్షిణల్లో కళ్లు తిరుగుతున్నాయి

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నా వయసు 56. షుగర్, బీపీ ఉన్నాయి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన మాత్ర వాడుతున్నాను. అల్లుడు అమెరికాలో ఉంటాడు. అమ్మాయికి హైదరాబాద్‌లో వీసా ఇంటర్వ్యూ అయ్యాక 221(జి) స్లిప్ ఇచ్చారు, అంటే వీసా ఇవ్వకుండా పరిశీలన కోసం ఆపారు. 7 వారాలైంది. వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాలు మొక్కుకున్నాను, నాలుగయ్యాయి. ఆ రోజు ఏమీ తినను, మాత్రలు మాత్రం వేసుకుంటాను. పోయిన రెండు వారాలూ ప్రదక్షిణల్లో చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు తిరిగాయి. టెన్షన్ అంటున్నారు. మిగతా రోజుల్లో నిద్ర పట్టదు, పరగడుపున షుగర్ 190 ఉంటోంది. నిద్రమాత్ర వేసుకోవచ్చా?

జవాబు: అమ్మా, ముందు శనివారం సంగతి చూద్దాం. అది ఒట్టి టెన్షన్ అని నేను అనుకోవడం లేదు. గ్లిమిపిరైడ్ మీరు తిన్నా తినకపోయినా ఒంట్లో ఇన్సులిన్‌ని విడుదల చేయిస్తూనే ఉంటుంది. ఖాళీ కడుపుకి ఎండ, నడక తోడైతే షుగర్ 70 కన్నా కిందికి పడిపోవచ్చు. చెమట, వణుకు, దడ దాని లక్షణాలే. గాబరాలోనూ అవే కనిపిస్తాయి కాబట్టి ఇంట్లోవాళ్లు పొరబడి ఉంటారు. గ్లూకోమీటర్ సంచిలో వేసుకెళ్లండి, నిమిషంలో తేలిపోతుంది.

మొక్కు మానమని చెప్పను. కానీ తినకుండా ఆ మాత్ర వేసుకోవద్దు. ఉదయం రెండు ఇడ్లీలైనా తిని బయల్దేరండి. తినడం కుదరదనుకుంటే ఆ రోజు మాత్ర ఎలా మార్చాలో మీ డాక్టర్‌ని ముందే అడగండి. బీపీ మాత్ర మాత్రం ఆపకండి. మళ్లీ వణుకు మొదలైతే వెంటనే కూర్చుని, మూడు టీ చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగండి. పావుగంటకు మళ్లీ చూసుకోండి, తగ్గకపోతే ఇంకోసారి తాగండి. ఆ తర్వాత తప్పకుండా భోజనం చేయాలి, ఈ మాత్ర ప్రభావం గంటల తరబడి ఉంటుంది. దారిలో ఆత్రేయపురం పూతరేకు తింటే చాలనుకోవద్దు, నెయ్యి వల్ల అందులోని తీపి ఆలస్యంగా ఒంటికి పడుతుంది. కొబ్బరి బోండం నీళ్లలో చక్కెర తక్కువ, అవీ సరిపోవు. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయమని ఇంట్లో చెప్పి ఉంచండి. చెప్పుల్లేకుండా తిరుగుతారు కదా, సాయంత్రం అరికాళ్లు కూడా చూసుకోండి.

నిద్రమాత్ర సొంతంగా వద్దు. ఆ మత్తులో రాత్రి షుగర్ పడిపోయినా మీకు తెలియదు. నిద్రలేమి, దిగులు పరగడుపు షుగర్‌ని పెంచుతాయి. అర్ధరాత్రి ఫోన్‌లో వీసా స్టేటస్ చూడటం మానేసి, పొద్దున ఒక్కసారి అమ్మాయినే చూడమనండి. అక్కడ ‘రిఫ్యూజ్డ్’ అని కనిపిస్తే గుండె జారిపోతుంది, నిజమే. 221(జి) కింద పరిశీలనలో ఉన్న కేసులకూ అదే మాట చూపిస్తుంది. ఇలా ఆగి, తర్వాత వీసా వచ్చి వెళ్లిన పిల్లల తల్లులు నా దగ్గరకు వస్తూనే ఉంటారు. మీ అమ్మాయికీ రావాలని నేనూ కోరుకుంటున్నాను.

దిగులు మరీ ఎక్కువైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు. కళ్లు తిరిగిన సంగతి అమ్మాయి దగ్గర దాచకండి. ఐదో శనివారం లోపే ఆమెను వెంటబెట్టుకుని, మాత్రల అట్టలన్నీ తీసుకుని మీ డాక్టర్‌ని కలవండి. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ తెలిపే పరీక్ష), కిడ్నీ పరీక్ష, ఈసీజీ చేయించండి.