నీ ఈ-టైప్‌ను విప్పే ముందు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

1961 నాటి జాగ్వార్ ఈ-టైప్ స్పోర్ట్స్ కారు నీ చేతికి వచ్చిందనీ, దానిని పూర్తిగా విప్పి, ఐదు గేర్ల బాక్సు, పాత డైనమోకు బదులు బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్, మెరుగైన బ్రేకులు అమర్చి, చివరగా మొత్తం గీకించి కొత్త రంగు వేయించాలనుకుంటున్నావనీ రాసిన ఉత్తరం చదివాను. ఆ జాబితాలో నేను గట్టిగా అభ్యంతరం చెప్పేది నీవు పెద్దగా ఆలోచించకుండా రాసిన ఆ చివరి అంశానికే.

బోల్టులతో బిగించినదాన్ని ఎప్పుడైనా విప్పి పాతది తిరిగి పెట్టవచ్చు గానీ, గీకేసిన రంగునూ కోసేసిన రేకునూ మళ్లీ తెచ్చుకోలేము. కాబట్టి ఏ మార్పు చేయబోయినా అది పాతదా కొత్తదా అని కాక, రేపు మరొకరు దానిని వెనక్కి తీసుకోగలరా అని చూడు. డాష్‌బోర్డు కింద, డిక్కీ లోపల, డోర్ల లైనింగు వెనుక ఫ్యాక్టరీ రంగు మిగిలి ఉందేమో ముందు వెతుకు. ఉంటే అక్కడ చేయి పెట్టవద్దు. పైభాగానికి ఇదివరకే ఎవరో రంగు వేయించి ఉంటే మాత్రం దానిమీద నాకు ఏ మమకారమూ లేదు.

నీ కారుకు విలువ తెచ్చిందే దాని చదునైన నేల. కాళ్లకు చోటు చాలదన్న ఫిర్యాదులు రావడంతో కంపెనీ 1962లో పాదాల దగ్గర లోతు పెంచింది. అదే సౌకర్యం కోసం నీవు నేలరేకు కోయిస్తే, నీ బండిని అరుదైనదిగా నిలిపిన గుర్తును నీ చేతులతోనే చెరిపినవాడివి అవుతావు. అయితే తలుపుల కింది సిల్లులు తుప్పుపట్టి ఉంటే వెనుకాడవద్దు. ఆ కారు బలమంతా వాటిమీదే ఆధారపడి ఉంటుంది. కోసే ముందు కొలతలు, ఫొటోలు తీసుకో.

గేర్‌బాక్సు సంగతికి వస్తే, మొదటి గేరుకు సింక్రో (గేరు మార్చేటప్పుడు పళ్ల వేగాలను కలిపే ఏర్పాటు) లేని ఆ పాత బాక్సుతో విసుగు పుట్టడం సహజమే. 1964 చివర 4.2 లీటర్ల ఇంజన్‌తో పాటు కంపెనీయే అన్ని గేర్లకూ సింక్రో ఉన్న బాక్సు ఇచ్చింది. ఐదు గేర్లది పెట్టుకో, కానీ గేర్‌బాక్సు మీదుగా ఉబ్బెత్తుగా ఉండే నేలరేకును, అంటే టన్నెల్‌ను, కోయకుండా అమరేదే ఎంచుకో, పాతదానికి గ్రీజు పూసి, చుట్టి, భద్రపరచు. ఆల్టర్నేటర్ పెట్టినప్పుడు పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ పాజిటివ్ కొనను కారు బాడీకి కలపడం) నెగెటివ్‌గా మారుతుంది కనుక బ్యాటరీ దగ్గర స్పష్టంగా చీటీ అంటించు, లేకపోతే తర్వాత జంపర్ కేబుళ్లు తగిలించేవాడు పొరబడతాడు. స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ లోపలే అమరే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ బయటికి కనిపించదు. అయినా దానికి ముందు ఆ పని చేసిన పాత పాయింట్లు గ్లోవ్‌బాక్సులో ఉంచుకో.

బ్రేకులు, టైర్లు, పెట్రోలు గొట్టాల విషయంలో ఒరిజినల్ అన్న మాటే ఎత్తవద్దు. ఇథనాల్ కలిసిన పెట్రోలుకు పాత రబ్బరు గొట్టాలు పాడై, కారిన పెట్రోలు వేడి ఎగ్జాస్టు మీద పడితే కారే మిగలదు.

ఇంజన్‌ను వర్క్‌షాపుకు పంపేటప్పుడు మాత్రం నా పొరపాటు నీవు చేయవద్దు. చాలా ఏళ్ల క్రితం నా దగ్గర ఒక పాత కార్వెట్, అంటే అమెరికన్ స్పోర్ట్స్ కారు, ఉండేది. దాని ఇంజన్ నంబరు, ఇంజన్ బ్లాకు మీద సిలిండర్ హెడ్ (పైమూత) కూర్చునే తలానికి సమంగా ఉన్న చిన్న గట్టు మీద కొట్టి ఉంటుంది. బ్లాకు పైతలం చదును చేయమని ఒక వర్క్‌షాపుకు ఇచ్చి, ఆ గట్టును ముట్టవద్దని చెప్పడం మరిచాను. బ్లాకు అద్దంలా తిరిగివచ్చింది, నంబరు లేకుండా. పనివాడి తప్పేమీ లేదు; చెప్పవలసింది నేను. నీ కారుకు ఇంజన్ నంబరు బ్లాకు మీదా, హెడ్ మీదా కూడా ఉంటుంది కాబట్టి, ఏది ముట్టకూడదో కాగితం మీద రాసి ఇవ్వు.

పాన ముట్టుకోకముందే ఆ రెండు నంబర్లనూ, గేర్‌బాక్సు నంబరునూ, బోనెట్ కింది ప్లేటునూ ఫొటో తీసి పంపు. ఆ నంబర్లు ప్లేటు మీదివాటితో కలుస్తున్నాయో లేదో చూశాకే ఐదు గేర్ల మాట మాట్లాడుకుందాం.

ఇట్లు,
నీ పెదనాన్న