బూజు పట్టిన వేరుశెనగ చెక్కను ఎండబెట్టి వాడవచ్చా?

శ్రీకాళహస్తి దగ్గరి మీ చెరువులో నీటి పరీక్షలు సరిగానే ఉన్నా రోహు చేపలు మేత తగ్గించి, రోజూ రెండు మూడు చనిపోతున్నాయని, వానకు తడిసి బూజు పట్టిన వేరుశెనగ చెక్కను ఎండబెట్టి వాటికి మేతగా వేస్తున్నామని రాశారు. దయచేసి ఆ చెక్కను ఈరోజే ఆపండి. ఎండకు బూజు చచ్చినా, అది అప్పటికే వదిలిన అఫ్లాటాక్సిన్ అనే విషం పోదు, ఉడకబెట్టినా చాలావరకు నిలిచే ఉంటుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయినప్పుడు ఈ విషం బయటపడింది కూడా వేరుశెనగ చెక్కలోనే.

అప్పుడే చనిపోయిన చేపను కోసి చూడండి. ముదురు ఎరుపులో ఉండవలసిన కాలేయం పాలిపోయి, పసుపు తిరిగి, వేలితో నొక్కగానే చితికిపోతే అనుమానం బలపడుతుంది. అయితే మక్కిన తవుడు వల్ల కూడా కాలేయం ఇలా మారవచ్చు కనుక మేతను పరీక్ష చేయించక తప్పదు. విషం బస్తా అంతటా సమానంగా ఉండదు, అందుకే పది బస్తాల పైనుంచి, నడుమ నుంచి, అడుగు నుంచి తీసి కలిపిన నమూనాను పంపండి. తిరుపతిలోని పశువైద్య విశ్వవిద్యాలయంలో ముందుగా విచారించండి.

ఆ చెక్కను పాడి గేదెలకు మాత్రం మళ్లించకండి, విషం పాలలోకి దిగుతుంది.