నాలుగో మాట గురించి ఒక తమ్ముడికి

తమ్ముడూ, వందనాలు.

ఎలా ఉందో చెప్పమని నువ్వు పంపిన సాక్ష్యం, అదే, మీ ఇంట్లో దేవుడు చేసిన మేలు గురించి రాసిన ఆ తొమ్మిది పేజీలు, రెండుసార్లు చదివాను, మొదటిసారి చేతిలో పెన్సిలు పెట్టుకుని, రెండోసారి ఊరికే. జవాబు ఆలస్యమైంది, ఏమనుకోకు. 'బాగుంది, దేవునికి స్తోత్రం' అని రాసేస్తే నీకూ హాయి, నాకూ హాయి. కానీ నువ్వు అడిగింది అది కాదు కదా.

మీ నాన్నగారికి పక్షవాతం వచ్చిన రాత్రి నుంచి ఆయన మళ్లీ గుమ్మం దాటేదాకా పద్నాలుగు నెలలు. వాటికి నువ్విచ్చిన చోటు పేజీన్నర. మిగతా ఏడున్నర పేజీలూ స్తోత్రాలే. 'ప్రభువు మమ్మల్ని బలపరిచాడు' అన్న మాట పదకొండుసార్లు వచ్చింది, కూర్చుని లెక్కపెట్టాను. అది అబద్ధమని అనడం లేదు, నేనూ అదే నమ్మి బతుకుతున్నవాణ్ణే. కానీ మీకు బలం వచ్చిందని నేను నమ్మాలంటే, ముందు మీ కాళ్లు ఎక్కడ సడలాయో నాకు కనపడాలి. అది నువ్వు దాటేశావు. చదివేవాళ్లు విశ్వాసంలో తొట్రుపడతారేమోనని భయపడి ఉంటావు.

యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలు గుడ్ ఫ్రైడే నాడు ప్రసంగించడానికి ఏడుగురికి పంచుతారు చూడు, మా మందిరంలో నాలుగో మాట ఎప్పుడూ చివరిదాకా మిగిలిపోయేది. క్షమాపణ మాట అందరికీ కావాలి, దొంగతో చెప్పిన పరదైసు మాటకి పోటీ. 'నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి' మాత్రం ఎవరూ కోరి తీసుకోరు. తీసుకున్నవాళ్లు కూడా రెండు నిమిషాల్లో ఆయన తిరిగి లేచిన ఆదివారం ఉదయానికి వెళ్లిపోతారు, సమాధి ఖాళీ అయిపోతుంది, జనం ఊపిరి పీల్చుకుంటారు. ఒక సంగతి గమనించావా, ఇరవై రెండో కీర్తనలో ఇదే మాట తెలుగులో 'విడనాడితివి' అని ఉంటుంది. మత్తయి సువార్తకొచ్చేసరికి 'చెయ్యి విడిచితివి' అయింది. మూలంలో చెయ్యి లేదు. ఆ చెయ్యి పెట్టింది మన తెలుగు అనువాదమే. తిరునాళ్లలో పిల్లాడి చెయ్యి జారిపోయినప్పుడు ఆ పిల్లాడి మొహం ఎలా ఉంటుందో తెలిసిన భాష ఇది. సాక్ష్యం రాసేవాడు ముందు అక్కడ కాసేపు నిలబడాలని నా ఉద్దేశం.

నేను నిలబడలేదు, అందుకే చెబుతున్నాను. మా మొదటి పాప పదకొండు నెలలకే పోయింది. రెండు నెలలు తిరక్కుండా నేను ఒక పత్రికకి సాక్ష్యం రాసి పంపాను, వేశారు, చాలామంది ఉత్తరాలు కూడా రాశారు. ఇంట్లో ఆవిడ చదివి, మడిచి, బల్ల మీద పెట్టి ఒకటే అడిగింది, 'ఇందులో మన పిల్ల ఎక్కడుంది?' అని. నిజంగానే లేదు. పద్నాలుగు బైబిలు వచనాలున్నాయి, పిల్ల పేరు కూడా లేదు. ఆ తర్వాత నాలుగేళ్లు నేను ఏమీ రాయలేదు.

ఆ రోజుల్లో మాకు బలం ఎలా వచ్చిందంటావా, మా సంఘంలో ఒక ముసలామె, అక్షరం రాదు, రోజూ పొద్దున్నే వచ్చి వాకిలి ఊడ్చి, టీ పెట్టి ఇద్దరికీ చెరో గ్లాసు ఇచ్చి వెళ్లిపోయేది. వచనం చెప్పలేదు, ప్రార్థన చేస్తానని కూడా అనలేదు. నలభై రోజులపైనే వచ్చిందనుకుంటా. బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు కూడా మొదటి ఏడు రోజులూ, ఏడు రాత్రులూ నేల మీద కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదు, నోరు తెరిచాకే అంతా చెడింది. నేను అచ్చేయించిన సాక్ష్యంలో ఆమె లేదు. ఆమెను వదిలేసినందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

మన సంఘాల చరిత్ర చెప్పేటప్పుడూ ఇదే తప్పు చేస్తాం. ఒంగోలులో 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని వార్షికోత్సవాల్లో వింటూనే ఉంటావు. దానికి ముందు 1876 నుంచి 78 దాకా ఘోరమైన కరువు. అక్కడి అమెరికన్ మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకి కూలి పని ఇప్పించాడు, కూటి కోసం మతంలోకి వచ్చారని ఎవరూ అనకూడదని ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు కూడా. 2,222 అనే అంకె మనకి నోటికొచ్చు. ఎండిపోయిన ఒంటితో మట్టి తట్ట నెత్తికెత్తుకున్న మనిషి ఆ సాయంత్రం ఏం ప్రార్థన చేసుకున్నాడో మాత్రం ఎవరికీ పట్టదు. నాకు కావలసింది ఆ ప్రార్థనే.

జైల్లోంచి తన శిష్యుడు తిమోతికి ఉత్తరం రాసిన అపొస్తలుడు పౌలును చూడు. 'మంచి పోరాటము పోరాడితిని' అన్న వాక్యం మనవాళ్ల సంస్మరణ కార్డుల మీద ఎన్నిసార్లు చూసుంటావో. సరిగ్గా ఆరు వచనాలు దాటితే అదే మనిషి, త్రోయలో కర్పు దగ్గర వదిలేసిన అంగీ పట్టుకురమ్మని, పుస్తకాలు కూడా తెమ్మని తిమోతికి రాస్తాడు. ఇంకొంచెం కిందికొస్తే చలికాలం రాకముందే రమ్మంటాడు. జైల్లో చలేస్తోంది మరి! ఆ అంగీ లేకపోతే నాకు ఆ పోరాటం అంతగా ఆనేది కాదేమో.

ఇంకో విషయం కొంచెం గట్టిగా చెప్పాలి. మూడో పేజీలో 'డాక్టర్లు చేతులెత్తేశారు' అని రాశావు. నిజంగా ఎత్తేశారా? రెండు పేజీల తర్వాత నువ్వే రాశావు, ఫిజియోథెరపీ అమ్మాయి వారానికి మూడుసార్లు వచ్చి నాన్నగారి చేత రబ్బరు బంతి నొక్కించేదని. సాక్ష్యాల్లో ఈ చేతులెత్తడం ఒక అలవాటైపోయింది, అది లేకపోతే అద్భుతం చిన్నదైపోతుందని భయం. రేపు నీ వ్యాసం చదివి ఎవరైనా బీపీ మాత్ర మానేస్తే ఏం చేస్తావు? ఆ లైను కొట్టెయ్. ఆ అమ్మాయిని ఉంచు, బంతి ఏ రంగుదో కూడా రాయి.

పెట్రోల్ బంకులో నైట్ డ్యూటీ సంగతి బాగుంది, దాన్ని కదపకు. అప్పుల లెక్క కాస్త తగ్గించు.

అసలు సంగతికి వస్తాను. ఏడో పేజీలో ఒకే ఒక్క లైను ఉంది, బహుశా నువ్వు రాసి మర్చిపోయి ఉంటావు. కుడిచెయ్యి పనిచేయక నాన్న ఎడమచేత్తో తినడం నేర్చుకున్నాడనీ, ఎవరైనా వస్తే కంచం పక్కకు జరిపేసేవాడనీ, ఎడమచేత్తో రొట్టె ఎలా తీసుకోనని ఆరు నెలలు ప్రభువు బల్లకి, మందిరంలో అందరూ రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆ ఆరాధనకి, దూరంగా ఉన్నాడనీ. తమ్ముడూ, నీ తొమ్మిది పేజీలూ ఈ ఒక్క లైను లోపలే ఉన్నాయి. ఆ ఆరు నెలలూ రొట్టె పళ్లెం మీ వరస దగ్గరికి వచ్చినప్పుడు ఆయన ఎటు చూసేవాడు? పక్కన కూర్చున్న నువ్వు తీసుకున్నావా, మానేశావా? అమ్మ ఏమనేది? పాస్టరుగారు గమనించారా? మళ్లీ ఎప్పుడు తీసుకున్నాడు, ఎవరైనా ఏమైనా చెప్పారా, లేక ఒక ఆదివారం తనంతట తనే చెయ్యి చాపేశాడా?

మిగతావి పక్కన పెట్టి ముందు అది రాసి పంపు. కుడిచెయ్యి ఆడిందా, ఎడమచెయ్యేనా, అది మాత్రం మర్చిపోకుండా రాయి.

మీ నాన్నగారికి నా వందనాలు చెప్పు.

నీ అన్న