రీఫండ్ అందాక పార్సిల్ కూడా వస్తే?

ప్రశ్న: పాత ల్యాప్‌టాప్‌లో వేయించుకుందామని దసరా సేల్‌లో 6,200 రూపాయలకు 1 టీబీ ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచుకునే డ్రైవ్) ఆర్డర్ పెట్టాను. పార్సిల్ ఏదో హబ్‌కు చేరినట్టు ట్రాకింగ్‌లో చూపించి, అక్కడే ఆగిపోయింది. రెండు వారాలు చూసి కస్టమర్ కేర్‌కు చెబితే, పార్సిల్ పోయినట్టు నమోదు చేసుకుని డబ్బంతా వెనక్కి ఇచ్చారు. ఆ డబ్బుతో ఇక్కడి షాపులో వేరేది కొని బిగించుకున్నాను కూడా. నెల దాటాక, మొన్న నేను ఆఫీసులో ఉండగా కొరియర్ అబ్బాయి ఆ పార్సిల్‌ను అమ్మ చేతికి ఇచ్చి వెళ్లాడు. యాప్‌లో ఆర్డర్ రద్దయిందనే ఉంది, రిటర్న్ బటన్ లేదు. తప్పు వాళ్లదే కాబట్టి ఉంచేసుకోమని స్నేహితులు అంటున్నారు. అమెరికాలో ఇలా వచ్చినవాటిని చట్టప్రకారమే ఉంచుకోవచ్చని మా బావ చెప్పాడు. ఏం చేయమంటారు? (హన్మకొండ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ముందుగా, పార్సిల్ విప్పకండి. విప్పితే అది కొత్త సరుకుగా మళ్లీ అమ్ముడుపోదు.

మీకు రీఫండ్ ఇచ్చింది ‘వస్తువు నాకు అందలేదు’ అని మీరు చెప్పిన మాట మీద. చెప్పిన రోజున అది నిజమే, అందులో మీ తప్పేమీ లేదు. అయితే పార్సిల్ అమ్మగారి చేతికి వచ్చినప్పటి నుంచి ఆ మాట నిజం కాకుండా పోయింది. కంపెనీ రికార్డుల్లో మాత్రం ఆ మాట ఇంకా మీ పేరు మీదే ఉంది. యాప్‌లో ఆర్డర్ రద్దయిందనే చూపిస్తోందంటే, సరుకు మీ ఇల్లు చేరిన సంగతి వాళ్ల లెక్కల్లోకి ఇంకా ఎక్కలేదన్నమాట. అందలేదని ఎలా చెప్పారో, అందిందని కూడా అలాగే చెప్పవలసింది మీరే. డబ్బు ఉంచుకుంటారా, వస్తువు ఉంచుకుంటారా అన్నది కంపెనీతో మాట్లాడుకుని తేల్చుకోవచ్చు గానీ, రెండూ ఉంచుకోవడం మాత్రం సరికాదు.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలిస్తే, ‘తప్పు వాళ్లదే’ అనే వాదనలో ఆ ‘వాళ్లు’ ఎవరో కూడా తెలుస్తుంది. ఆర్డర్ల లెక్క ఆన్‌లైన్ వేదిక దగ్గర ఉంటుంది, పార్సిల్ కదలికల లెక్క కొరియర్ సంస్థ దగ్గర ఉంటుంది. మీకు రీఫండ్ ఇవ్వగానే మొదటి చోట ఆర్డర్ మూసుకుపోతుంది. కానీ పండగ రద్దీలో ఎక్కడో అడుగున పడిపోయిన డబ్బా నెల తర్వాత బయటపడితే, దాని మీది బార్‌కోడ్‌నూ చిరునామానూ చూసి హబ్‌లో ఉన్నవారు మామూలుగానే పంపించేస్తారు. ఇక సరుకు ఎవరిదన్నది అసలు విషయం. మన దేశంలో విదేశీ పెట్టుబడి ఉన్న ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్‌లు సొంత సరుకు అమ్మడానికి నిబంధనలు ఒప్పుకోవు. కాబట్టి మీ ఇన్‌వాయిస్‌లో ‘సోల్డ్ బై’ అన్న చోట ఉన్న పేరు చాలాసార్లు ఒక చిన్న వ్యాపారిది. అంత పెద్ద కంపెనీకి ఆరు వేలు ఒక లెక్కా అనుకునేవారు ముందుగా ఆ పేరు చూడాలి. ఆ నష్టాన్ని వేదిక భరిస్తుందో, కొరియర్ భరిస్తుందో, వ్యాపారి మీదే పడుతుందో మనకు తెలియదు. ఎవరి మీద పడినా అది మన ఇంట్లో ఉన్న డబ్బా వల్ల పడే నష్టమే.

మీ బావగారు చెప్పిన అమెరికా చట్టం ఉన్న మాట నిజమే గానీ, అది మీ విషయానికి వర్తించదు. మనం అడగకుండానే ఎవరో తపాలాలో సరుకు పంపి, ఆపైన డబ్బు కట్టమని వేధించే మోసాన్ని ఆపడానికి తెచ్చిన చట్టం అది. అడగని వస్తువును కానుకగా ఉంచుకోవచ్చని అక్కడ ఉంది. మీరైతే ఈ ఎస్‌ఎస్‌డీని ఆర్డర్ ఇచ్చి మరీ తెప్పించుకున్నారు. మన దగ్గర 1872 నాటి భారత ఒప్పందాల చట్టం, 72వ సెక్షన్‌లో దీన్ని సూటిగానే చెప్పింది: పొరపాటున ఎవరికైనా డబ్బు గానీ వస్తువు గానీ చేరితే, వారు దాన్ని తిరిగి ఇవ్వవలసిందే. ఆరు వేల రూపాయల కోసం ఎవరైనా కోర్టుకు వెళతారా అని మీ స్నేహితులు అడగవచ్చు. వెళ్లకపోవచ్చు. పట్టుకునేవారు లేరన్న ధీమాతో తీసుకునే నిర్ణయాన్ని మాత్రం నేను ససేమిరా సమర్థించలేను.

అలాగని తిప్పి పంపే భారమంతా మీరే మోయాలని కాదు. ఆలస్యం వాళ్లదే కాబట్టి పికప్ ఖర్చు కూడా వాళ్లదే. యాప్‌లోని చాట్ ద్వారా గానీ ఈమెయిల్ ద్వారా గానీ ఈ నాలుగు ముక్కలు రాయండి: ‘ఫలానా నంబరు ఆర్డర్‌కు ఫలానా తేదీన రీఫండ్ అందింది. అదే పార్సిల్ ఫలానా తేదీన మా ఇంటికి చేరింది. విప్పకుండా ఉంచాను. మీ ఖర్చుతో వచ్చి తీసుకువెళ్లండి, లేదా ఏం చేయాలో రాతపూర్వకంగా చెప్పండి.’ పార్సిల్ మీది లేబుల్ ఫొటో జతచేయండి. చాట్‌లో బాట్ మిమ్మల్ని గుండ్రంగా తిప్పుతుంటే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు (ఫిర్యాదులు చూసే అధికారికి) రాయండి. 2020 నాటి ఇ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆ అధికారి వివరాలను ప్రతి సంస్థా తన వేదిక మీద చూపించాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి.

వాళ్లు ‘మీరే ఉంచుకోండి’ అనడమూ ఉంటుంది. తక్కువ ధర వస్తువుల విషయంలో, వెనక్కి తెప్పించుకునే ఖర్చు వస్తువు ధరకు మించుతుందని కంపెనీలు అలా వదిలేస్తుంటాయి. ఆ మాట రాతలో వస్తే స్క్రీన్‌షాట్ దాచుకుని నిశ్చింతగా వాడుకోండి, అప్పుడది వాళ్లు ఇష్టపడి ఇచ్చినదే. డబ్బు కట్టి ఉంచుకోమంటే, మీకు ఇంకో ఎస్‌ఎస్‌డీ అక్కరలేదు కాబట్టి కాదనే హక్కు మీకుంది. అసలు జవాబే రాకపోతే నెల తర్వాత మరొకసారి రాసి, ఫలానా తేదీ లోపు తీసుకువెళ్లమని చెప్పండి. రెండు ఉత్తరాలకూ స్పందించకుండా నెలలు గడిస్తే, ఆపైన మీరు దాన్ని వాడుకున్నా నా దృష్టిలో తప్పు లేదు. మొదటి రోజే వాడుకోవడం వేరు, చెప్పవలసింది చెప్పి ఎదురుచూశాక వాడుకోవడం వేరు.

ఆలస్యం వల్ల షాపులో ఎక్కువ ధర పెట్టవలసి వచ్చి ఉంటే, ఆ తేడాను పరిహారంగా అడగండి. ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. మనకు రావలసినదాన్ని బాహాటంగా అడిగి తీసుకోవాలి గానీ, ఇంటికొచ్చిన డబ్బాతో చెల్లుకు చెల్లు అనుకోకూడదు.

ఒక జాగ్రత్త. కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో వెతకవద్దు, నకిలీ నంబర్లు అక్కడే కాచుకుని ఉంటాయి. ‘మీకు రీఫండ్, సరుకు రెండూ అందాయి, ఈ లింకులో డబ్బు కట్టండి’ అని ఎవరైనా ఫోన్ చేసినా కట్టవద్దు; ఏ చెల్లింపైనా యాప్‌లో ఆ ఆర్డర్ నుంచే జరగాలి. ఒకవేళ మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ప్రశ్న: నాకూ ఇలాగే రీఫండ్ వచ్చాక, ఆర్డర్ పెట్టిన ఫోన్ పార్సిల్‌లో వచ్చింది. విప్పి సిమ్ వేసి నెల రోజులుగా వాడుతున్నాను. ఇప్పుడు చెబితే చిక్కుల్లో పడతానా? (నెల్లూరు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: చెప్పకపోతేనే చిక్కు ఎక్కువ. రీఫండ్‌తో పాటు ఆ ఇన్‌వాయిస్ కూడా రద్దయి ఉంటే, వారంటీ అడిగిన రోజున చూపించడానికి మీ దగ్గర చెల్లే బిల్లు ఉండదు. పైగా ప్రతి ఫోన్‌కూ ఐఎంఈఐ అనే 15 అంకెల గుర్తింపు నంబరు ఉంటుంది. పోయిన ఫోన్‌గా ఎవరైనా ఫిర్యాదు చేస్తే, టెలికాం శాఖ వారి సీఈఐఆర్ వ్యవస్థ ద్వారా ఆ నంబరును దేశంలోని నెట్‌వర్క్‌లన్నింటిలోనూ నిలిపివేయవచ్చు. *#06# నొక్కితే మీ ఫోన్ ఐఎంఈఐ నంబరు కనిపిస్తుంది. కేవైఎం (KYM) అని ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో టైప్ చేసి, ఖాళీ వదిలి ఆ 15 అంకెలూ వేసి 14422కు ఎస్‌ఎంఎస్ పంపితే దాని స్థితి తెలుస్తుంది. వాడిన ఫోన్‌ను తిప్పి పంపడం కన్నా, ధర కట్టి ఉంచుకుంటానని మీరే ముందుగా అడగడం మేలు. కట్టాక మీ పేరుతో కొత్త ఇన్‌వాయిస్ తప్పకుండా తీసుకోండి.

ప్రశ్న: ఒక ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ నచ్చక రీఫండ్ తీసుకున్నాను. లైసెన్స్ కీ మాత్రం ఇంకా పనిచేస్తోంది. వాడుకోవచ్చా? (హోసూరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: వాడకూడదు. మీరు కొన్నది దాన్ని వాడుకునే హక్కును, రీఫండ్‌తో ఆ హక్కును వదులుకున్నారు. గూగుల్ ప్లేలో అయితే రీఫండ్ ఇవ్వగానే ఆ యాప్ వాడే వీలును స్టోరే తీసేస్తుంది. విడిగా కీ అమ్మే కంపెనీలన్నీ అంత వెంటనే ఆపలేవు, అంతే తేడా. సెట్టింగ్స్‌లో డీయాక్టివేట్ చేసి, తర్వాత అన్ఇన్‌స్టాల్ చేయండి. అంతకు ముందే మీ ఫొటోలను జేపెగ్ లేదా టిఫ్ ఫార్మాట్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేసుకోండి, ఎందుకంటే ఆ సాఫ్ట్‌వేర్ సొంత ఫార్మాట్‌లో ఉన్న ఫైళ్లు ఆ తర్వాత వేరే చోట తెరుచుకోకపోవచ్చు.